పదకొండు గుండీల పాట

కచేరీ హాలు వేదిక కింద ఒక గది ఉంది. మెట్లు దిగి, విరిగిన కుర్చీలు పేర్చిన నడవ దాటి ఎడమవైపు తిరిగితే వస్తుంది. కిటికీ లేదు. పొడవాటి బల్ల, కుట్టుమెషిన్, ఇస్త్రీపెట్టె, గోడ పొడవునా కోట్లు వేలాడదీసే ఇనపకడ్డీ, బల్ల మీద గుండీలు నింపిన పదహారు గాజుసీసాలు. పంతొమ్మిదేళ్లుగా ఆ బల్ల వెనక కూర్చుంటున్న మనిషిని హాల్లో అందరూ గుండీలక్క అంటారు. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు.

పైన వాయించే అరవైమంది నల్లకోట్లూ, ఒక్కటి తప్ప, ఆమె చేతిమీదుగా వెళ్లాల్సిందే. కోటు చూసి వాద్యం చెప్పేస్తుంది. వయొలిన్ వాళ్లకు కుడిచంక కింద చిరుగుతుంది. బాకాలు ఊదేవాళ్లకు ఊపిరి పీల్చినప్పుడు రెండో గుండీ ఊడుతుంది. డప్పులాయన కోటు భుజం దగ్గర కుట్టు విడుతుంది, అదీ నెలకోసారి. ఆమె కుట్టిన గుండీ మళ్లీ ఊడినట్టు ఎవరికీ గుర్తులేదు. నాలుగు కన్నాల్లోంచి ఆరుసార్లు దారం తీసి, గుండీకీ గుడ్డకీ మధ్య నాలుగు చుట్లు బిగించి, వెనకవైపు ముడి వేస్తుంది. హడావిడి ఎంతున్నా ఆ నాలుగు చుట్లు మూడు కావు.

ఈ పని ఎవరూ నేర్పలేదు. పెళ్లైన కొత్తలో, బస్సు నడిపే మొగుడి యూనిఫారం చొక్కాని కుట్లన్నీ విప్పి, ముక్కలన్నీ నేలమీద పరిచి, మళ్లీ కుట్టుకుంటూ వచ్చి నేర్చుకుంది. పూర్తయ్యేసరికి ఒక చెయ్యి పొట్టిదయింది. "స్టీరింగు మీద చేతులుంటే ఎవరికీ తెలియట్లేదులే" అంటూ ఆ చొక్కానే ఆయన రెండేళ్లు తొడుక్కున్నాడు.

ఆమె గదికి పైకప్పు అంటే వేదిక నేలే. పైన ఎవరు వాయించినా ఆ చెక్కలోంచే కిందికి దిగాలి. కానీ సన్నటి స్వరాలు చెక్కలోంచి దిగవు. దిగేది అడుగున ఉండే బరువైన నాదం, డప్పు దెబ్బ, కాళ్ల చప్పుడు. గుండీలక్క పంతొమ్మిదేళ్లుగా విన్న సంగీతమంతా అదే. పాటల పేర్లు ఆమెకు తెలియవు. తనకు పనికొచ్చే పేర్లు తనే పెట్టుకుంది. మూడు గుండీలు కుట్టేలోపు అయిపోయేది మూడు గుండీల పాట. ఒక కాలరు తిప్పికుట్టడానికి సరిపోయేది కాలరు పాట. చంక చిరుగు పాట ఉంది, ఇస్త్రీ పాట ఉంది. గదిలో గడియారం ఆగిపోయి చాలా కాలమైంది. బాగుచేయించాలని ఆమెకు తట్టలేదు.

వాటన్నిట్లోనూ ఒక్కటుంది, పదకొండు గుండీల పాట. ఏడాదికి నాలుగైదుసార్లు, విరామానికి ముందు వాయిస్తారు. నాలుగు పెద్ద అడుగులు, ఒక ఆగడం, మళ్లీ నాలుగడుగులు, అలా మొదలవుతుంది. ఆరో గుండీ దగ్గర ఎంత లోతుకి దిగుతుందంటే సీసాల్లో గుండీలు సన్నగా గలగలలాడతాయి. తొమ్మిదో గుండీ దగ్గర దారం తెంపేంతసేపు అంతా ఆగిపోతుంది. మళ్లీ అడుగులు. అది మొదలైతే చాలు, గుండీలక్క వేళ్లు వాటంతటవే చురుగ్గా కదిలేవి, ఒంట్లోకి ఏదో ఉత్సాహం వచ్చేది. పల్లకీ మోసేవాళ్ల అడుగులు వినపడుతూ, పల్లకీలో ఎవరున్నారో తెలియనట్టు ఉండేది. ఆ పైనున్నదేమిటో ఒక్కసారి వినాలని ఆమె కోరిక.

పైకెళ్లి వినొచ్చు కదా అంటే, కుదరదు. ఆ పాట అవగానే విరామం. మొదటిసగంలో చిరిగినవీ ఊడినవీ అన్నీ ఒక్కసారిగా మెట్లు దిగొస్తాయి. సూదుల్లో దారాలెక్కించుకుని ఆమె బల్ల వెనకే ఉండాలి. రిహార్సళ్లు వేరే భవనంలో జరుగుతాయి. ఒకసారి సిగ్గు విడిచి, కోటుకోసం వచ్చిన వయొలిన్ కుర్రాణ్ణి అడిగింది. తనకు తెలిసినంత కూనిరాగం తీసి "ఇదేం పాట బాబూ?" అంది.

అతను చెవి ఒగ్గి విన్నాడు. "అక్కా, ఇది పాట కాదు. ఎవరో బీరువా జరుపుతున్నారు" అన్నాడు.

ఆ తర్వాత ఆమె ఎవర్నీ అడగలేదు.

ఈ ఏడు ఒక కబురు దిగొచ్చింది. కింద గదిలో చప్పుడు ఎక్కువగా ఉందని, పనిచేసేవాళ్లకి ఇబ్బందని, పైకప్పంతా మందపాటి స్పాంజి పలకలు అంటిస్తారట. వచ్చే నెలే. హాలు కమిటీ పెద్దాయన స్వయంగా దిగి వచ్చి "ఇక మీకు ప్రశాంతంగా ఉంటుందమ్మా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. గుండీలక్క "మంచిదండీ" అంది. ఆయన వెళ్లాక మాత్రం, ఇక ఆ అడుగులు కూడా దిగవు కదా అని పైకప్పు వంక చూసింది.

ఆ సంగతి ఆడపడుచుతో చెప్పుకుంది. ఆడపడుచు హాల్లోనే టికెట్ల కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఆమె నోటికి తాళం లేదు.

"దానికెందుకు వదినా అంత దిగులు? హాలు పుట్టినరోజు పోటీ ఉందిగా. పాట మొదలు వినిపిస్తారు, అదేంటో పోల్చుకోవాలి. గెలిచినవాళ్లు ఏది అడిగితే అది అప్పటికప్పుడు మొత్తం బృందం వాయిస్తుంది. ముందు వరసలో, నట్టనడుమ కుర్చీ వేసి కూర్చోబెడతారు."

"పోటీ పైవాళ్లకి కదమ్మాయ్."

"హాల్లో పనిచేసేవాళ్లు రాకూడదని ఎక్కడా లేదు. ఇంతవరకూ ఎవరూ రాలేదు, అంతే. నీ పేరు రాసేశాను."

"ఎప్పుడు?"

"నువ్వు దిగులు పడటం మొదలెట్టినప్పుడే."

ఆదివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడుతోంది. గుండీలక్క కొత్త చెప్పులు కొనుక్కుంది, అవి కరుస్తున్నాయి. వేదిక మీద ఆరు కుర్చీలు వేశారు. చివరి కుర్చీ ఆమెది. పక్కన పియానో టీచరు, మూడేళ్లుగా ఏటా గెలుస్తున్న మనిషి. గెలిచినప్పుడల్లా నలభై నిమిషాల నిదానపు పాట ఒకటి అడుగుతుందని, దాంతో ముందు వరసలో సగంమంది కునుకు తీస్తారని ఆడపడుచు ముందే చెప్పింది.

వాయించేవాళ్లు వెనక తెర చాటున ఉన్నారు. సన్నటి కర్ర పుచ్చుకుని బృందాన్ని నడిపించే పెద్దమనిషి, అందరూ కర్రమాస్టారు అంటారు, ముందుకొచ్చి పద్ధతి చెప్పాడు. అందరూ ఎరిగిన పాటలే వినిపిస్తారు. తెలిసినవాళ్లు చెయ్యెత్తాలి. పేరైనా చెప్పాలి, లేదా ఆపిన చోటునుంచి తర్వాతి వరసైనా పాడాలి. మూడు ముందుగా చెప్పినవాళ్లదే గెలుపు.

తెర వెనకనుంచి ఒంటరి వయొలిన్ ఏడు స్వరాలు పలికింది.

గుండీలక్క చెయ్యి అందరికన్నా ముందు లేచింది. ఎత్తిందెవరా అని తనే చూసుకుంది. రోజుకి ఇరవైసార్లు వింటుంది దాన్ని.

"చెప్పండమ్మా."

"అది మా ఆయన ఫోనండి."

హాలంతా గొల్లుమంది. మూడో వరసలో కూర్చున్న మొగుడు తల వంచుకుని జేబు తడుముకున్నాడు. కర్రమాస్టారు కూడా నవ్వాపుకుంటూ "సరే, ఫోనే. మరి తర్వాత ఎలా వెళ్తుందో పాడండి" అన్నాడు.

"తర్వాత ఆయన హలో అంటాడు."

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆమె హాస్యానికి అనలేదు. మొగుడు ఫోను తీయడంలో మహా చురుకు, ఏడో స్వరం దాటనివ్వడు. ఎనిమిదోది ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ వినలేదు. పియానో టీచరు మెల్లగా చెయ్యెత్తి పేరు చెప్పింది, ఆ పాట పిల్లలక్కూడా తెలుసన్నట్టు. రెండోది ఒంటరి వేణువు. గుండీలక్కకు తలా తోకా తెలియలేదు. అదీ టీచరే చెప్పింది. రెండు సున్నా.

తల కొట్టేసినట్టయింది. ఇంకొక్కటి టీచరు చెబితే అయిపోయింది. కింద తనకు తెలిసిన పాటలేవీ ఇక్కడ లేవు. ఇక్కడివన్నీ పిట్టల్లా పైపైన ఎగురుతున్నాయి, ఒక్కదానికీ కాళ్లు లేవు. ఏం చేయాలో తోచక, కరుస్తున్న చెప్పులు రెండూ కుర్చీ కింద విడిచేసి పాదాలు నేలకి ఆనించింది.

అప్పుడే తెర వెనక చిన్న బృందం మూడో పాట ఎత్తుకుంది.

చెక్క పలికింది. అరికాళ్లలోంచి మోకాళ్లదాకా ఎక్కింది. ఒక దెబ్బ, రెండు చిన్నవి, ఒక జారుడు. కాలరు పాట. ఆమె ఇంచుమించు కుర్చీలోంచి లేచింది.

"చెప్పండమ్మా, ఈసారి ఎవరి ఫోను?"

"పేరు తెలీదండి. పాడతాను." కళ్లు మూసుకుని పాడింది. తనకు తెలిసినట్టే, అడుగు గొంతుతో, బొంయ్ బొంయ్‌మని.

హాల్లో కొందరు కిసుక్కుమన్నారు. కర్రమాస్టారు మొహమాటంగా తల అడ్డంగా ఊపాడు. "కాదమ్మా. ఇది ఆ పాట కాదు."

"అదేనండి. దీని తర్వాత రెండుసార్లు కాలు తడతారు కూడా."

"పాపం, మీరు బాగా ప్రయత్నించారు. ఇంకెవరైనా..."

తెర కదిలింది. మనిషెత్తు వాద్యాన్ని పట్టుకుని నిలబడి వాయించే ముసలాయన బయటికొచ్చాడు. హాల్లో ఆయన్ని బేసు బాబాయి అంటారు. గుండీలక్క ఆయన మొహం సరిగ్గా చూడటం అదే మొదలు. తన గుండీలు తనే కుట్టుకునే మనిషి, ఒక్కరోజూ కిందికి రాలేదు. ఆయన తోలుబూట్ల వంక చూసిందామె. ఎడమ మడమ అరిగి ఉంది. తన బల్లకి సరిగ్గా పైన పంతొమ్మిదేళ్లుగా తాళం వేస్తున్న కాలు ఇదన్నమాట.

"మాస్టారూ," అన్నాడు బేసు బాబాయి, "ఆవిడ తప్పు పాడలేదు. అది నా వరస."

"నీ వరసా?"

"మీ అందరి కిందా నేను వాయించేది. ఒక్క స్వరం పోలేదు. కాలు తట్టడం కూడా నిజమే, అక్కడ నాకు పని లేదు, తాళం తప్పకుండా తట్టుకుంటాను." ఆయన ఆమె వైపు తిరిగాడు. "నలభై ఏళ్లుగా వాయిస్తున్నానమ్మా. నా వరస పాడిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాను."

కర్రమాస్టారు స్వరాల కాగితం తెప్పించి, అడుగు వరస వేలితో చూసుకుంటూ వచ్చాడు. వేలు చివరిదాకా వెళ్లి ఆగింది. "తర్వాతి వరస పాడాలన్నాను గానీ పై వరసే పాడాలనలేదు" అన్నాడు. "ఒకటి ఆవిడకి."

టికెట్ల కిటికీ విడిచిపెట్టి తలుపు దగ్గర నిలబడ్డ ఆడపడుచు, నలుగురూ వినేలా "అదీ మా వదినంటే" అంది.

నాలుగోదానికి గుండీలక్క ఒళ్లంతా చెవులు చేసుకుని, రెండు పాదాలూ విప్పార్చి కూర్చుంది. రెండు దెబ్బలు పడ్డాయో లేదో చెయ్యెత్తేసింది. ఇస్త్రీ పాట. పాడింది. బేసు బాబాయి తెర సందులోంచి తల ఊపాడు. రెండు రెండు.

ఇప్పుడు నవ్వేవాళ్లు లేరు. పియానో టీచరు కూడా వెనక్కి ఆనుకోవడం మానేసి ముందుకి జరిగి కూర్చుంది. చూపు ఎందుకో గుండీలక్క పాదాల మీదే ఉంది.

కర్రమాస్టారు తెర వెనక్కి వెళ్లి ఏదో చెప్పి వచ్చాడు. "ఇది ఆఖరుది" అన్నాడు. హాలు చెవులు రిక్కించింది.

ఏమీ వినపడలేదు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. పియానో టీచరు తెర వైపు చెవి ఒగ్గింది. ఒక్క క్షణం, రెండు, మూడు.

గుండీలక్క చెయ్యెత్తింది.

"ఇంకా మొదలే కాలేదమ్మా," అన్నాడు కర్రమాస్టారు జాలిగా.

"మొదలైందండి."

"ఎక్కడ?"

"ఇక్కడ." ఆమె నేలవైపు వేలు చూపించింది. "డప్పు మీద వేళ్లతో రుద్దుతున్నారు. బాబాయి విల్లు కూడా తీగ మీదికొచ్చింది. ఇది చంక చిరుగు పాట. కుర్చీల్లో ఉన్నవాళ్లకి కాసేపాగితే గానీ వినపడదు."

కర్రమాస్టారు తెర పక్కకి లాగాడు. డప్పులాయన వేళ్లు చర్మం మీద చీమల్లా కదులుతున్నాయి. బేసు బాబాయి విల్లు అంగుళం అంగుళం జరుగుతోంది. విల్లు ఆపకుండానే ఆయన కళ్లు చికిలించి నవ్వాడు. అప్పుడు, సరిగ్గా అప్పుడే, ఆ నాదం పెరిగి మొదటి వరసదాకా వచ్చింది.

"పాడండి" అన్నాడు కర్రమాస్టారు. గొంతులో జాలి లేదు.

ఆమె పాడింది. బేసు బాబాయి ఆమె గొంతు కిందికి చేరి వాయించాడు. ఇద్దరూ కలిసి అటూ ఇటూ తొణక్కుండా చివరిదాకా వెళ్లారు.

చప్పట్లు ఆగాక పియానో టీచరు చెయ్యి కలిపింది. "ముప్ఫై ఏళ్లనుంచీ నేర్పుతున్నాను, ఇది ఎక్కడ మొదలవుతుందో నాకు ఇవాళ తెలిసింది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "చెప్పులు విడిస్తే నాక్కూడా తెలుస్తుందంటారా?" అని అడిగింది.

"పంతొమ్మిదేళ్లు కింద కూర్చుంటే తెలుస్తుంది టీచరుగారూ."

"ఇక మీరు కోరుకోండి" అన్నాడు కర్రమాస్టారు. "ఏ పాట?"

"పదకొండు గుండీల పాటండి."

అరవైమంది ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గుండీలక్క కూనిరాగం తీసింది. నాలుగు పెద్ద అడుగులు, ఒక ఆగడం, మళ్లీ నాలుగు. వయొలిన్ కుర్రాడు నాలిక్కరుచుకున్నాడు, తను వెనక అన్న బీరువా మాట గుర్తొచ్చి. బేసు బాబాయి రెండో నాలుగడుగులకే విల్లందుకున్నాడు. కర్రమాస్టారికి అర్థమైంది. ఆయన మొహంలో ఒక తమాషా నవ్వు పుట్టింది, దాన్ని అరచేత్తో కప్పేసుకున్నాడు.

"వెళ్లి కూర్చోండమ్మా. పేరు నేను చెప్పను. మీరే వినండి."

ముందు వరస నట్టనడుమ కుర్చీ వేశారు. పక్కన మొగుణ్ణి కూర్చోబెట్టారు. "చెప్పులేవోయ్?" అన్నాడాయన. ఆమె వినిపించుకోలేదు. కళ్లు వేదిక మీదే ఉన్నాయి. ఇంతమంది మనుషులా తన నెత్తిమీద ఉండేది అనుకుంది. కోట్లు తెలిసినవే, వాటిలో మనుషులు వాయిస్తుండగా చూడటమే కొత్త.

కర్ర లేచింది. నాలుగడుగులు. ఆగడం. నాలుగడుగులు. పల్లకీ బయల్దేరింది. ఇక పైనున్నది బయటపడాలి.

వయొలిన్లన్నీ ఒక్కసారి విల్లెత్తాయి. ఏడు స్వరాలు.

మొగుడు ఉలిక్కిపడి రెండు చేతులతో జేబు పట్టుకున్నాడు. "ఆపేశానే," అన్నాడు కంగారుగా, "ఇందాకే ఆపేశాను, ఒట్టు."

గుండీలక్క ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఫోను కాదండీ. అదే. అదే ఇది."

ఎనిమిదో స్వరం వచ్చింది. హలో అనేవాళ్లు లేరు. పాట ఆ ఏడు దాటి పైకెళ్లింది, ఇంకా పైకి, అక్కడ ఒక్క క్షణం నిలిచి, మలుపు తిరిగి కిందికి దిగుతూ మళ్లీ ఆ ఏడింటి దగ్గరికే ఇంకో దారిలో వచ్చింది. ఇంట్లో స్నానాలగది బయట, కూరగాయలు తరుగుతుంటే, ఆయన దుప్పటి కిందనుంచి, ఆరేళ్లుగా తుంచి తుంచి విన్న ముక్క ఇది. బల్ల దగ్గర పంతొమ్మిదేళ్లుగా విన్న అడుగులు దాని కిందివే. లోపలి లైనింగుని అన్నేళ్లూ చేత్తో తడుముతూ కూర్చుంది, కోటు పైగుడ్డ ఇంట్లో మొగుడి జేబులో ఉంది. రెండూ ఇప్పుడు కుట్టు కుట్టుకి సరిగ్గా కలిశాయి.

ఆరో గుండీ దగ్గర అడుగులు లోతుకి దిగినప్పుడు పైన వేణువు ఒక్కటే ఉంది, కొమ్మ చివరి ఆకులాగా ఊగుతూ. అందుకా అంత లోతు, దాన్ని పడకుండా పట్టుకోవడానికి. తొమ్మిదో గుండీ దగ్గర అంతా ఆగింది. హాల్లో ఊపిరి కూడా వినపడలేదు. గుండీలక్క వేళ్లు, తెలియకుండానే, లేని దారాన్ని తెంపాయి. మళ్లీ అరవైమందీ ఒక్కసారిగా ఎత్తుకున్నారు. ఆమె కళ్లనిండా నీళ్లు, మొహంనిండా నవ్వు. పదకొండో గుండీకి అందరికన్నా ముందు లేచి నిలబడింది, అయిపోతోందని ఆమె వేళ్లకి తెలుసు కాబట్టి.

స్పాంజి పలకలు చెప్పినట్టే మరుసటి నెల వచ్చాయి. వడ్రంగి నిచ్చెన వేసుకుని, ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారని అడిగాడు. గుండీలక్క బల్లకి నాలుగు వైపులా సుద్దముక్కతో నేలమీద గీత గీసింది.

"ఈ గీతకి పైన మటుకు వదిలెయ్యి బాబూ."

"కమిటీవాళ్లు మొత్తం అన్నారక్కా."

"కమిటీవాళ్లతో బేసు బాబాయి మాట్లాడాడు. అక్కడ ఆయన కాలుంటుంది."

వడ్రంగికి అర్థం కాలేదు గానీ, గీత సూటిగా ఉంది. గీసిన మేరకు వదిలేశాడు.

రెండు వారాల తర్వాత, ఒక సాయంత్రం విరామానికి ముందు, పైనుంచి నాలుగడుగులు దిగాయి. ఆగడం. మళ్లీ నాలుగు. ఆమె చేతిలో, రెండోసగంలో వాయించాల్సిన బాకా అతని కోటుంది, రెండో గుండీ. సూది గుచ్చింది. కిందికి దిగేవి ఎప్పటిలా ఆ అడుగులే. పైది తనే అందుకుంది, నోరు తెరవకుండా, ఏడు స్వరాలూ దాటి ఎనిమిదో దానికి.

విరామంలో బాకా అతను కోటు తొడుక్కుని, గుండీ పెట్టుకుని ఆగాడు. కోటు ఒకవైపు ఎగదన్నుకుని ఉంది.

"అక్కా, గుండీ వంకరగా ఉందే."

గుండీలక్క వంగి చూసింది. కాజాకి అరంగుళం పైన ఉంది గుండీ. నాలుగు చుట్లు మాత్రం చుట్టే ఉన్నాయి.

"ఇటియ్యి" అని కత్తెర అందుకుంది.